పాత ఐ5-4460కి గ్రాఫిక్స్ కార్డు: 15 వేలలో ఏది వేయాలి?

భీమవరం_ఫ్రేమ్స్
మా స్టూడియోలో 2015లో కట్టించిన డెస్క్‌టాప్ ఉంది. ప్రాసెసర్ ఐ5-4460, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ (ఒకే స్టిక్కు), 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 10, వీజీఏ కేబుల్‌తో నడిచే మానిటర్. పెళ్లి వీడియోల ఎడిటింగ్ అంతా దీని మీదే. ఫుల్ హెచ్‌డీ ఉన్నన్నాళ్లూ నెట్టుకొచ్చాం. ఇప్పుడు పెళ్లి పార్టీలు 4కే అడుగుతున్నాయి. మా కెమెరామన్ కొత్త సోనీ కొన్నాడు. ఆ ఫైళ్లు టైమ్‌లైన్ మీద పెడితే తలంబ్రాలు పోసే చేయి గాలిలోనే ఆగిపోతోంది, సన్నాయి మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. రాత్రయితే మా తమ్ముడు ఇదే సిస్టమ్‌లో జీటీఏ 5 ఆడతానని కూర్చుంటాడు.

ఒక షాపులో "6500 ఎక్స్‌టీ వేసుకోండి, కొత్తది, ఏ బోర్డుకైనా పడుతుంది" అన్నారు. రెండో షాపులో 1050 టీఐ చాలన్నారు. మూడో ఆయన సిస్టమ్ మొత్తం మార్చేయమన్నాడు. నా దగ్గర ఉన్నది 15 వేలు. ఎవరి మాట వినాలి?

కర్నూలు_గేమర్
మూడో ఆయన మాట.

పాతఇనుము
మూడో ఆయన మాట వినడానికి 15 వేలు ఏ మూలకు?

భీమవరం గారూ, మొదటి షాపు మాట మాత్రం పక్కన పెట్టేయండి. ఏ బోర్డుకైనా పడుతుందన్నది నిజమే, స్లాటులో పడుతుంది. చిక్కు ఆ తరువాతే. 6500 ఎక్స్‌టీ 2022లో వచ్చిన కార్డు. చూడటానికి పొడుగు స్లాటులో కూర్చుంటుంది కానీ పనిచేసేవి 4 లేన్లే (డేటా పారే దారులు). పీసీఐఈ 4.0 (ఆ స్లాటు ప్రమాణం, అంకె పెరిగితే వేగం పెరుగుతుంది) ఉన్న బోర్డులో ఆ నాలుగింటి మీదే సెకనుకు దాదాపు 8 జీబీ పారుతుంది. మీ హెచ్81 చిప్‌సెట్ పీసీఐఈ 2.0 దగ్గర ఆగిపోయింది. మీ ప్రాసెసర్‌కు 3.0 ఇచ్చే సత్తా ఉన్నా ఈ చిప్‌సెట్ పక్కన అది 2.0కే పరిమితం. అక్కడ అవే నాలుగు లేన్లు ఇచ్చేది సెకనుకు 2 జీబీ. పెళ్లికి వెయ్యి మందిని పిలిచి ఒక్క గరిటెతో వడ్డించినట్టు ఉంటుంది.

పైగా షాపుల్లో ఎక్కువగా దొరికే రకంలో ఉన్నది 4 జీబీ మెమరీ. అది నిండిన ప్రతిసారీ ఆ ఇరుకు దారిలోనే ర్యామ్ దగ్గరికి వెళ్లి రావాలి. మీ వృత్తికి ఇంకా ముఖ్యమైన విషయం: 6400లో, 6500 ఎక్స్‌టీలో ఎక్స్‌పోర్ట్‌ను వేగంగా చేసే వీడియో ఎన్‌కోడర్ అసలు లేదు. ఎడిటింగ్ చేసేవారికి దాన్ని అంటగట్టడం అన్యాయం.

కర్నూలు_గేమర్
నేను వాడుతున్నది 6500 ఎక్స్‌టీయే. వాలరెంట్ హాయిగా నడుస్తోంది. మరీ అంత తీసిపారేయకండి.

పాతఇనుము
మీ బోర్డు ఏది?

కర్నూలు_గేమర్
బీ550, రైజెన్ 5 5600.

పాతఇనుము
అది పీసీఐఈ 4.0. నడవక ఏం చేస్తుంది?

వోల్ట్‌మీటర్
కార్డు పేర్లు తరువాత. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) సంగతి ఎవరూ అడగరేం? భీమవరం గారూ, క్యాబినెట్ పక్క తలుపు తీసి ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ చదివి చెప్పండి. పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లు నాకు అక్కర్లేదు. +12V గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో అది కావాలి.

భీమవరం_ఫ్రేమ్స్
క్యాబినెట్‌తో పాటే వచ్చిన ఎస్‌ఎంపీఎస్. పెద్ద అక్షరాల్లో 450W. లోపలి గడిలో +12V కింద 14A అని ఉంది. కార్డుకు విడిగా కరెంటు ఇచ్చే 6 పిన్నుల వైరు లేదు. దుమ్ము దులిపితే గానీ అక్షరాలు కనబడలేదు.

వోల్ట్‌మీటర్
12ని 14తో గుణిస్తే 168 వాట్లు. మీ 450 వాట్ల అసలు బలం అది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది 12 వోల్టుల మీదే. ప్రాసెసర్ టీడీపీ (కంపెనీ చెప్పే పవర్ లెక్క) 84 వాట్లు, స్లాటు నుంచి కార్డు తీసుకోగలిగేది 75. కలిపితే 159. ఫ్యాన్లు, హార్డ్ డిస్కు ఇంకా లెక్కలోకి రాలేదు. అది కూడా స్టిక్కర్ నిజం చెబుతోందని నమ్మితేనే. పదేళ్లు దాటిన కెపాసిటర్లతో ఆ మాట నేను నమ్మను.

షాపువాళ్లు రెండు మోలెక్స్ పిన్నులను కలిపి 6 పిన్ను చేసే వైరు ఒకటి చేతిలో పెడతారు. ఈ ఎస్‌ఎంపీఎస్ మీద దాన్ని పెట్టవద్దు. సన్నని వైరు మీద భారం పడి ఆ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరగడం చాలా చోట్ల చూశాను.

నిశ్శబ్ద_పాఠకుడు
ఇది చదివి మా ఇంట్లో స్టిక్కర్ చూశాను. 10A. చూడకుండా ఉండాల్సింది.

సీటీసీ_పాతకాపు
సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ల బజారు) చాలా ఏళ్లు రిపేరు బల్ల దగ్గర కూర్చున్నవాడిని. వోల్ట్‌మీటర్ చెప్పినదానికి వంక లేదు. పేరున్న కంపెనీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ముందు కొనండి, 80 ప్లస్ గుర్తు ఉన్నది. రేపు సిస్టమ్ మార్చినా అది మీతోనే వస్తుంది.

1050 టీఐ గురించి: 2016 కార్డు. ఇప్పుడు దొరికేవన్నీ చేతులు మారినవే. అందులో నకిలీలు ఎక్కువ. జీటీఎస్ 450, 550 టీఐ లాంటి ముసలి కార్డులకు బయోస్ (లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి 1050 టీఐ పేరు తగిలిస్తారు. విండోస్ కూడా ఆ పేరే చూపిస్తుంది. కొనే ముందు అక్కడే జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపే ఉచిత సాఫ్ట్‌వేర్) నడిపించండి. నకిలీ ఎన్‌విడియా కార్డయితే పేరుకు ముందే ఫేక్ అని పడుతుంది. వెనుక వీజీఏ రంధ్రం ఉన్న 1050 టీఐ కనబడితే దండం పెట్టి వచ్చేయండి. ఆ తరం నుంచి ఎన్‌విడియా కార్డుల్లో అనలాగ్ అవుట్‌పుట్ లేదు.

భీమవరం_ఫ్రేమ్స్
ఆగండి. అంటే నా మానిటర్ ఏ కార్డుకూ తగలదా?

సీటీసీ_పాతకాపు
తగులుతుంది, మధ్యలో హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న కన్వర్టర్ కావాలి. లోపల చిప్పు ఉన్నదే తీసుకోండి. డీవీఐ రంధ్రానికి తగిలించే ఉత్త ప్లాస్టిక్ బిళ్లలు ఈ కార్డుల మీద పనిచేయవు.

పెంగ్విన్_పక్షం
1050 టీఐ వద్దనడానికి మరో కారణం. అది పుట్టిన పాస్కల్ తరానికి ఎన్‌విడియా మామూలు డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. 2028 అక్టోబరు దాకా మూడు నెలలకోసారి భద్రతా సవరణలు మాత్రమే వస్తాయి. విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తోనే మామూలు మద్దతు ముగిసింది. 4వ తరం ఇంటెల్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు. లినక్స్ వేసి సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 8 జీబీ పెట్టుకోండి. దాని డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, ఎవరి దయ మీదా ఆధారపడనక్కర్లేదు.

వోల్ట్‌మీటర్
580 ఒక్కటే 185 వాట్లు. 168 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉన్నాయనకు ఇచ్చే సలహానా ఇది?

పెంగ్విన్_పక్షం
ఎస్‌ఎంపీఎస్ మారుస్తున్నారు కదా.

సీటీసీ_పాతకాపు
580 విషయంలో రెండు జాగ్రత్తలు. 2022 సెప్టెంబరులో ఎథీరియం (ఒక క్రిప్టో కరెన్సీ) మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్లు పనిచేసిన కార్డులు బస్తాల్లో బజారుకు వచ్చాయి, వాటిలో ఇవే ఎక్కువ. మైనింగ్ చేసిందల్లా చెడిపోయిందని అనను. కానీ ఫ్యాన్ బేరింగ్ అరిగి ఉంటుంది, బయోస్ మార్చి ఉంటుంది. రెండోది, 580 2048ఎస్‌పీ అని ఒకటి తిరుగుతోంది. పేరు 580, లోపల 570. అసలు 580లో 2304 షేడర్ కోర్లు ఉండాలి. అదీ జీపీయూ-జెడ్‌లోనే కనబడుతుంది.

కత్తెర_రాణి
అందరూ కార్డులు పంచేస్తున్నారు, ఆయన ఫైళ్లు ఏమిటో అడిగినవారు లేరు. నేను పెళ్లి వీడియోల మీదే బతుకుతున్నాను కాబట్టి అడుగుతున్నాను. కొత్త సోనీ అన్నారు. రికార్డింగ్ సెట్టింగ్ ఏమిటి? మీడియాఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ఒక ఫైలు తెరిచి మూడు సంగతులు చెప్పండి: ఫార్మాట్, క్రోమా సబ్‌శాంప్లింగ్ (రంగుల సమాచారం ఎంత కుదించారో), బిట్ డెప్త్ (రంగుకు ఎన్ని మెట్లో).

భీమవరం_ఫ్రేమ్స్
హెచ్‌ఈవీసీ. 4:2:2. 10 బిట్స్.

కత్తెర_రాణి
అనుకున్నాను. హెచ్‌ఈవీసీ అంటే వీడియోను గట్టిగా కుదించే పద్ధతి, 4:2:2లో రంగుల సమాచారం 4:2:0 కన్నా ఎక్కువ. ఇక్కడ ఇప్పటిదాకా వచ్చిన కార్డుల్లో ఒక్కటి కూడా ఆ ఫైలును ముట్టుకోదు. 1050 టీఐ, 1650, 3050, ఆర్‌ఎక్స్ 580 అన్నీ 4:2:0 హెచ్‌ఈవీసీని హార్డ్‌వేర్‌లో విప్పుతాయి. 4:2:2 వచ్చేసరికి చేతులెత్తేస్తాయి, పని మొత్తం ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ఎన్‌విడియాలో 4:2:2 విప్పే సదుపాయం వచ్చింది ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే. ఇంటెల్ వాళ్ల ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే 11వ తరం నుంచి ఆ పని చేస్తోంది. మీరు 15 వేలు పెట్టి 3050 తెచ్చి బిగించినా తలంబ్రాల చేయి గాలిలోనే ఉంటుంది.

అందుకని రూపాయి ఖర్చు లేని పని మొదట చేయండి. మీ కెమెరామన్‌ను మెనూలో ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్‌లోనే (సోనీ వారి హెచ్‌ఈవీసీ రికార్డింగ్) ఉండి 4:2:2 10 బిట్‌కు బదులు 4:2:0 10 బిట్ పెట్టమనండి. పూర్తి స్థాయి సోనీల్లో ఆ ఎంపిక ఉంటుంది. లేకపోతే ఎక్స్‌ఏవీసీ ఎస్ 4:2:0 8 బిట్. ఇప్పటికే తీసిన పెళ్లిళ్లకు ప్రాక్సీలు చేసుకోండి. రాత్రి పడుకునే ముందు పెట్టి వెళితే తెల్లారేసరికి చిన్న ఫైళ్లు తయారవుతాయి. ఎడిటింగ్ వాటి మీద, ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్ల మీద.

కర్నూలు_గేమర్
రాత్రి తమ్ముడు జీటీఏ ఆడాలి కదండీ. ప్రాక్సీలు ఎప్పుడు చేస్తారు?

కత్తెర_రాణి
తమ్ముడిని ఆల్బమ్ అతికించడానికి కూర్చోబెట్టమనండి.

రంగుల_రాట్నం
4:2:0కు మార్చమనడం నాకు మింగుడు పడలేదు. ఎస్-లాగ్‌లో (తరువాత రంగులు దిద్దుకోవడానికి సోనీ ఇచ్చే చప్పని రంగుల పద్ధతి) తీసి రంగులు దిద్దేవారికి 4:2:2 ఎందుకో తెలుసు. గ్రీన్ మ్యాట్ (వెనుక ఆకుపచ్చ తెర) తీసేటప్పుడు జుట్టు అంచుల దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

కత్తెర_రాణి
గ్రీన్ మ్యాట్‌కు అయితే మీరు చెప్పింది నిజం. ఇక్కడ కల్యాణ మండపంలో పూల స్టేజీ ముందు నిలబడిన వధూవరులు. 10 బిట్ ఉంచుకోమన్నాను కదా, ఎస్-లాగ్‌కు ప్రాణం అదే. 8 బిట్‌లో ఎస్-లాగ్ తీయమంటే నేనే ఒప్పుకోను. 4:2:2, 4:2:0 తేడాను యూట్యూబ్ లింకులోనో పెన్ డ్రైవ్‌లోనో చూసే పెళ్లివారు పట్టుకున్న దాఖలా నా అనుభవంలో లేదు.

రంగుల_రాట్నం
పెళ్లివారు పట్టుకోరని మనం తగ్గించుకుంటూ పోతే ఎక్కడ ఆగుతాం? సరే, ప్రాక్సీల మాట ఒప్పుకుంటాను.

మూడోమాట
ఆర్క్ ఏ380 ఎవరూ చెప్పలేదేం? ఇంటెల్ కార్డు, 6 జీబీ, 75 వాట్లు. 4:2:2 హెచ్‌ఈవీసీ విప్పుతుంది, ఏవీ1 (కొత్త వీడియో ఫార్మాట్) ఎన్‌కోడింగ్ కూడా ఉంది. ఈయన పనికి అచ్చంగా సరిపోయే కార్డు కదా?

పాతఇనుము
కాగితం మీద సరిపోతుంది. ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ (ప్రాసెసర్‌కు కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందనిచ్చే బయోస్ సదుపాయం) కావాలి, ఇంటెల్ 10వ తరం నుంచి ఉన్న సిస్టమ్‌లనే సిఫారసు చేస్తుంది. హెచ్81 బయోస్‌లో ఆ ఎంపికే లేదు. అది లేకపోతే ఆటల్లో బాగా చతికిలబడుతుంది. ఎవరో మార్చిన బయోస్ ఎక్కించి నడిపించినవారు ఉన్నారు, కానీ పెళ్లిళ్ల సీజన్‌లో సంపాదించి పెట్టే సిస్టమ్ మీద ఆ ప్రయోగాలు వద్దు.

కర్నూలు_గేమర్
ఇప్పుడైనా ఒప్పుకోండి, నేను మొదటి మాటకే చెప్పాను. ఐ3-12100లో ఉన్న యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ చాలు, ఏ కార్డూ లేకుండా ఆ సోనీ ఫైళ్లు నడిచిపోతాయి. విండోస్ 11 కూడా వస్తుంది.

పాతఇనుము
ఎడిటింగ్ వరకు మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కలిపి 15 వేలలో తెచ్చి చూపించండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో చూశారా? డేటా సెంటర్లన్నీ మెమరీని ఊడ్చుకుపోతున్నాయి. డీడీఆర్3 ఉన్నవాడే ఇప్పుడు అదృష్టవంతుడు, పాత స్టిక్కులు ఇంకా చవకగా దొరుకుతున్నాయి.

డాలస్_డబ్బా
అమెరికా నుంచి తెప్పించుకోండి అనబోయి ఆగాను. ఆ మధ్య మా బావమరిదికి సూట్‌కేసులో ఒక కార్డు తెచ్చాను. ఆరు నెలలకు ఫ్యాన్ ఆగిపోయింది. కొన్న దేశంలోనే వారంటీ అన్నారు. తిరిగి సూట్‌కేసెక్కింది. ఇప్పుడు ఆ కార్డుకు నాకన్నా ఎక్కువ విమాన ప్రయాణ అనుభవం ఉంది.

నిశ్శబ్ద_పాఠకుడు
దానికి తత్కాల్ వీసా ఇప్పించండి.

భీమవరం_ఫ్రేమ్స్
కార్డు అడుగుదామని వచ్చి కెమెరా సెట్టింగ్ మార్చుకుని వెళుతున్నాను. నిన్న ఒక పెళ్లికి 4:2:0 10 బిట్‌లోనే తీయించాను. ఫైళ్లు ఇంకా తడబడుతున్నాయి, కానీ మునుపటి అంత కాదు. ప్రాక్సీలతో అయితే ఇబ్బంది లేదు. ఎక్స్‌పోర్ట్ మాత్రం గంటల తరబడి. కార్డు ఇప్పటికీ కావాలనే అనిపిస్తోంది. 15 వేలను ఎలా పంచాలో చెప్పండి.

పాతఇనుము
4:2:0కు దిగారు కాబట్టి ఇప్పుడు కార్డుకు పని ఉంది. మీ ప్రాసెసర్‌లోని హెచ్‌డీ 4600 హెచ్‌ఈవీసీ 10 బిట్‌ను విప్పలేదు, కార్డు విప్పుతుంది.

నా ఓటు సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1650కి. 2019 కార్డు, ట్యూరింగ్ తరం, డ్రైవర్లు ఇంకా వస్తున్నాయి. 4 జీబీ, 75 వాట్లు. అన్నిటికన్నా ముఖ్యం, 16 లేన్లు వాడుతుంది. మీ 2.0 స్లాటులో కూడా సెకనుకు 8 జీబీ దారి ఉంటుంది. మిగిలిన డబ్బుతో ఎస్‌ఎంపీఎస్, ఇంకో 8 జీబీ ర్యామ్. మీ బోర్డుకు రెండే స్లాట్లు, 16 జీబీయే గరిష్ఠం. రెండో స్టిక్కు వేస్తే డ్యూయల్ ఛానల్ (రెండు స్టిక్కులూ కలిసి పనిచేయడం) కూడా వస్తుంది, ఆ తేడా ఎడిటింగ్‌లో తెలుస్తుంది.

మూడోమాట
కొత్త ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ? 2024లో వచ్చింది, 70 వాట్లే, చాలావాటికి అదనపు పిన్ను అక్కర్లేదు, వారంటీ ఉంటుంది. మెమరీ 6 జీబీ. డావించి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 4కే టైమ్‌లైన్ మీద నాయిస్ తగ్గించే ఎఫెక్ట్ వేస్తే 4 జీబీ కార్డు మెమరీ నిండిందని మొరాయిస్తుంది.

పాతఇనుము
మంచి కార్డే, కాదనను. 8 లేన్లది, ఈ బోర్డులో సెకనుకు 4 జీబీ. నెట్టుకురావచ్చు. కానీ దాని ధరకే 15 వేలు అయిపోతాయి. ఎస్‌ఎంపీఎస్ దేనితో కొంటారు? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం.

వోల్ట్‌మీటర్
1650 కొనేటప్పుడు చూడండి, కొన్ని మోడళ్లకు 6 పిన్నుల వైరు కావాలి, కొన్నిటికి అక్కర్లేదు. కొత్త ఎస్‌ఎంపీఎస్ వస్తోంది కాబట్టి ఏదైనా ఫరవాలేదు. యూపీఎస్ ఉందా?

భీమవరం_ఫ్రేమ్స్
600 వీఏ. మానిటర్, సిస్టమ్, వైఫై అన్నీ దాని మీదే. లేజర్ ప్రింటర్ కూడా.

వోల్ట్‌మీటర్
ఆ రకం 600 వీఏ అంటే సాధారణంగా 360 వాట్లు. సిస్టమ్, మానిటర్ వరకు సరిపోతుంది. లేజర్ ప్రింటర్‌ను ఈ రోజే తీసేయండి. అది వేడెక్కే క్షణంలో లాగే కరెంటుకు యూపీఎస్ కీచుమని మొత్తం ఆపేస్తుంది.

భీమవరం_ఫ్రేమ్స్
ఓహో. బిల్లు ప్రింట్ చేసినప్పుడల్లా సిస్టమ్ ఎందుకు ఆగిపోతోందో ఇప్పుడు తెలిసింది. వైరింగ్ మనిషిని అనవసరంగా తిట్టాను.

నిశ్శబ్ద_పాఠకుడు
వోల్ట్‌మీటర్ గారికి ఫీజు పంపండి.

పాతఇనుము
ఇంకొకటి. తరువాత ఎప్పుడైనా డబ్బు చేతికొస్తే ఐ7-4790 సెకండ్ హ్యాండ్‌లో చూడండి. అదే సాకెట్. 4460 నడుస్తోందంటే మీ బయోస్‌కు ఆ విడత ప్రాసెసర్లు తెలిసినట్టే. 4 కోర్లే అయినా 8 థ్రెడ్లు. ఎక్స్‌పోర్ట్‌కు మంచిది, జీటీఏకు కూడా. తక్కువకు దొరుకుతోందని జియాన్ ఇ3-1231 వీ3 తీసుకోవచ్చు కానీ అందులో గ్రాఫిక్స్ ఉండదు. కార్డు చెడిపోయిన రోజు తెర నల్లగా ఉంటుంది.

భీమవరం_ఫ్రేమ్స్
కొన్నాను. 1650, పిన్ను అక్కర్లేని రకం, అమ్మినాయన ఇంట్లోనే ఆయన సిస్టమ్ మీద జీపీయూ-జెడ్ నడిపించి చూసి తీసుకున్నాను. ఎస్‌ఎంపీఎస్ 450 వాట్లు, బిల్లుతో. ర్యామ్ 8 జీబీ. కన్వర్టర్. 15 వేలలో ఇంకా కొంచెం మిగిలింది. అంతా బిగించి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, తెర మీద ఏమీ లేదు.

సీటీసీ_పాతకాపు
కేబుల్ బోర్డు వెనుక వీజీఏకే ఉందా, కార్డుకు తగిలించారా?

భీమవరం_ఫ్రేమ్స్
కార్డుకే, కన్వర్టర్‌తో.

సీటీసీ_పాతకాపు
అయితే కార్డు తీసి బోర్డు వీజీఏ మీద ఆన్ చేయండి. బయోస్‌లోకి వెళ్లి మొదటి డిస్‌ప్లే పీఈజీ (అంటే కార్డు) అని పెట్టండి, కొన్ని హెచ్81 బోర్డుల్లో అది ఐజీపీయూ (ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్) అని ఉండిపోతుంది. అక్కడే ఐజీపీయూ మల్టీ మానిటర్ అని ఉంటే ఎనేబుల్ చేయండి. కార్డు వేశాక కూడా ప్రాసెసర్ గ్రాఫిక్స్ మేలుకునే ఉంటుంది, మామూలు హెచ్.264 ఫైళ్లకు దానిలోని క్విక్ సింక్ (వీడియోను విప్పే, కుదించే భాగం) పనికొస్తుంది. ఆపి, ప్లగ్గు తీసి, కార్డు మళ్లీ పెట్టండి. స్లాటు చివరి గొళ్లెం టక్కుమనాలి.

భీమవరం_ఫ్రేమ్స్
వచ్చింది! ఐజీపీయూ అనే ఉంది. డ్రైవర్ వేశాను. 4:2:0 ఫైలు ఇప్పుడు సగం రిజల్యూషన్‌లో ఆగకుండా నడుస్తోంది. రంగులు దిద్దే లేయరు రెండోది వేస్తే మళ్లీ తడబాటు. ప్రాసెసర్ నూరు శాతం దగ్గరే ఉంటోంది, కార్డు సగం ఖాళీగా కూర్చుంటోంది.

కత్తెర_రాణి
మీ ప్రాసెసర్‌కు అంతకన్నా రాదు. రెండో లేయరు వేసేటప్పుడు ప్రాక్సీకి మారిపోండి. పాత 4:2:2 పెళ్లిళ్లు ఎన్ని మిగిలినా వాటికి ప్రాక్సీయే శరణ్యం.

కర్నూలు_గేమర్
తమ్ముడి జీటీఏ?

భీమవరం_ఫ్రేమ్స్
కనబడటం మానేశాడు. అన్నానికి పిలిచినా పలకడం లేదు.

గుంటూరు_మిర్చి
మధ్యలో దూరుతున్నాను. నాది ఆఫీసు నుంచి వచ్చిన సన్నని క్యాబినెట్, అడ్డంగా పడుకుని ఉండేది. ఐ5 6వ తరం. ఈ 1650 నాకూ సరిపోతుందా?

పాతఇనుము
మామూలు 1650 పట్టదు, తలుపు మూయలేరు. లో ప్రొఫైల్ 1650 అని సగం ఎత్తు రకం ఉంది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే పొట్టి బ్రాకెట్ డబ్బాలో ఉందో లేదో అడిగి మరీ తీసుకోండి, విడిగా అది దొరకక తిరుగుతున్నవారు చాలామంది. అది రెండు స్లాట్ల మందం ఉంటుంది, మీ పొడుగు స్లాటు పక్కన ఎస్‌ఎంపీఎస్ గోడ ఎంత దూరంలో ఉందో స్కేలు పెట్టి కొలవండి. కొత్త చర్చ మొదలుపెట్టి క్యాబినెట్ మోడల్ నంబరు రాయండి.

వోల్ట్‌మీటర్
స్టిక్కర్ కూడా.